వెనుక బెంచీ ఓటు విలువ

పావగడ తాలూకా వెంకటమ్మనహళ్లి పేరు దేశమంతటికీ తెలిసింది 2005 ఫిబ్రవరిలో. అక్కడి బడిలో మకాం వేసిన కర్ణాటక రిజర్వు పోలీసుల మీద 10వ తేదీ రాత్రి మావోయిస్టులు దాడి చేశారు. పోలీసులు చనిపోయారు. దానికి కొద్ది రోజుల ముందే చిక్కమగళూరు జిల్లాలో సాకేత్ రాజన్‌ను పోలీసులు కాల్చి చంపారు. అటు ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వానికీ నక్సలైట్లకూ నడుమ 2004 అక్టోబరులో మొదలైన చర్చలు చెడిపోయి అప్పటికి నెల కూడా కాలేదు. ఆ రెండు మంటల నడుమ చిక్కుకున్నది మూడు వైపులా ఆంధ్ర నేల చుట్టివున్న మా తాలూకా.

ఆ సంఘటన తరవాత మా వైపు ఒక మాట నేను చాలాసార్లు విన్నాను. "ఇదంతా తరిమెల నాగిరెడ్డి అసెంబ్లీ విడిచిపెట్టి వచ్చిననాడే మొదలయింది" అని. కొందరు దీన్ని మెప్పుగా అంటారు, కొందరు నిందగా అంటారు. ఇద్దరి లెక్కా ఒకటే: ఓటు పనికిరాదని నాగిరెడ్డి చెప్పాడు, ఆ మాట పట్టుకునే తుపాకులు వచ్చాయి. ఈ లెక్క సరైనదేనా? సరిచూడాలంటే ఆయన 1969లో సభను విడిచిన రోజు ఒక్కటే చూస్తే చాలదు. అంతకు ముందు పదిహేడేళ్ళలో ఆయన కూర్చున్న సభల్లో ఏం జరిగింది, ఆయన పక్షం ఓటు ఎటు పడింది, దాని ఫలితమేమిటి అన్నది కూడా చూడాలి. ఆయన్ను పొగిడేవాళ్ళూ తిట్టేవాళ్ళూ సామాన్యంగా ఈ భాగాన్ని వదిలేస్తారు.

నాగిరెడ్డి 1917 ఫిబ్రవరి 11న అనంతపురం జిల్లా తరిమెలలో పెద్ద భూస్వామి ఇంట పుట్టారు. రిషీవ్యాలీ బడిలోనూ, మద్రాసు లయోలా కాలేజీలోనూ, కాశీ హిందూ విశ్వవిద్యాలయంలోనూ చదివారు. రెండవ ప్రపంచ యుద్ధం మొదట్లో యుద్ధం వల్ల ఆర్థికంగా కలిగే నష్టాల గురించి రాసిన చిన్న పుస్తకానికి బ్రిటిషు ప్రభుత్వం ఆయన్ను జైల్లో పెట్టింది. స్వాతంత్ర్యం వచ్చాక కూడా జైలు తప్పలేదు. 1952 మొదటి ఎన్నికల్లో జైల్లో వుండగానే అనంతపురం నుంచి మద్రాసు శాసనసభకు గెలిచారు. ఓడినవారు నీలం సంజీవరెడ్డి. ఆంధ్ర కాంగ్రెసుకు పెద్ద నాయకుడు, పైగా నాగిరెడ్డికి స్వయాన బావ. భూస్వామి కొడుకు జైల్లో వుండి, మంత్రి పదవి దాకా వచ్చిన బావను ఓడించాడంటే, ఆ కరువు సీమలో ఓటు అనే కొత్త వస్తువు మీద జనానికి ఎంత ఆశ వుండిందో ఊహించుకోవచ్చు.

ఓటు రికార్డు గురించి ముందుగా ఒక సంగతి చెప్పాలి. మన చట్టసభల్లో చాలా విషయాలు మూజువాణి ఓటుతో తేలిపోతాయి. "అవును" అన్న కేకలు ఎక్కువో "కాదు" అన్నవి ఎక్కువో స్పీకరు చెవితో విని చెబుతారు. ఎవరైనా పట్టుబడితేనే తలలు లెక్కపెడతారు. లోక్‌సభలో ఓట్లు నమోదు చేసే యంత్రం వచ్చింది 1957లో. కాబట్టి ఆ కాలపు వెనుక బెంచీ సభ్యుడు ఏ రోజు ఎటు ఓటు వేశాడని ఒక్కొక్కటీ ఏరి చూపాలనుకోవడం వృథా. కమ్యూనిస్టు సభ్యుడి విషయంలో దాని అవసరమూ లేదు. ఫిరాయింపుల చట్టం 1985లో వచ్చింది గాని, కమ్యూనిస్టులకు అంతకు ముందు నుంచీ పార్టీ మాటే చట్టం. పక్షం ఎటు నిలిస్తే సభ్యుడూ అటే. అందుచేత నేనిక్కడ చూసేది పక్షం ఓటునే.

మొదటి మజిలీ మద్రాసు. 375 మంది సభలో కాంగ్రెసుకు వచ్చినవి 152 స్థానాలు. కమ్యూనిస్టులకు 62. మెజారిటీ లేని కాంగ్రెసు రాజాజీని మండలికి నామినేటు చేయించి ముఖ్యమంత్రిని చేసింది. జూలైలో విశ్వాస తీర్మానానికి 200 మంది అనుకూలం, 151 మంది వ్యతిరేకం. ఎన్నికల్లో ప్రజలు ఇవ్వని మెజారిటీ సభలో కూడింది. కొత్త సభ్యులకు ఇది మొదటి పాఠం.

రెండో పాఠం దీనికి ఎదురు. 1953లో రాజాజీ ప్రాథమిక విద్యలో బడివేళ తగ్గించి, మిగతా పూట పిల్లలు ఇంటి వృత్తి నేర్చుకోవాలన్నారు. కులవృత్తి చదువని దానికి పేరు పడింది. కమ్యూనిస్టులతో సహా ప్రతిపక్షమంతా ఎదిరించింది. జూలై చివర ఆ పథకాన్ని వదులుకోవాలన్న తీర్మానానికి అటు 138, ఇటు 138 ఓట్లు వచ్చాయి. స్పీకరు ఓటుతో తీర్మానం వీగిపోయింది. అయితే అమలు నిలిపి పరిశీలనకు పంపాలన్న మరో తీర్మానం 139కి 137తో నెగ్గింది. మరుసటి ఏడు కామరాజు వచ్చి పథకాన్నే ఎత్తేశారు. చాకలి బిడ్డా కుమ్మరి బిడ్డా పూర్తి పూట బడిలో కూర్చోగలిగారంటే, ఆ రోజు ప్రతిపక్ష బెంచీల్లో లేచిన ప్రతి చేతికీ అందులో పాలు వుంది.

మూడోది మనవాళ్ళకు ఇప్పటికీ నొప్పిగా వున్న సంగతి. ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని ఏది అన్న ప్రశ్న 1953లో ఆంధ్ర శాసనసభ్యుల ముందుకు వచ్చింది. 1937 శ్రీబాగ్ ఒప్పందం ప్రకారం రాజధానో హైకోర్టో సీమకు రావాలి. కర్నూలు నెగ్గింది. కమ్యూనిస్టు పక్షం విజయవాడ, గుంటూరు వైపు నిలిచింది. విశాలాంధ్ర ఎప్పటికైనా వస్తుంది గనక మధ్యలో వుండే చోటే మంచిదని వారి వాదం. దాని తర్కం దానికి వుంది. కాని అనంతపురం నుంచి వెళ్ళిన సభ్యుడి పార్టీ సీమ కోరికకు అడ్డం నిలిచిందన్న మాట ఆ తరవాత దశాబ్దాలపాటు రాయలసీమలో వినబడుతూనే వచ్చింది. పార్టీ క్రమశిక్షణ ఎంత ఖరీదైనదో చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు. ఊరివాళ్ళు పంపిన మనిషి సభలో పార్టీ మనిషిగా ఓటు వేస్తాడు. ఊరికి తిరిగి వచ్చి జవాబు చెప్పుకోవలసింది మాత్రం ఆ మనిషే.

నాలుగోది 1954 నవంబరు. కర్నూలు సభలో ప్రకాశం మంత్రివర్గం మీద మద్యనిషేధం విషయమై అవిశ్వాస తీర్మానం వచ్చింది. గీత కార్మికుల పక్షాన గౌతు లచ్చన్న, ఆయన వెంట కమ్యూనిస్టులు. ప్రభుత్వం ఒకే ఒక్క ఓటుతో పడిపోయింది. ఆ మంత్రివర్గంలో ఉప ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డే. ఒక్క ఓటుకు ప్రభుత్వాన్ని పడగొట్టే బలం వుందని అప్పుడు తెలిసింది. ఆ ఒక్క ఓటు పడగొట్టాక ఏమయిందో కూడా త్వరలోనే తెలిసింది. 1955 మధ్యంతర ఎన్నికల్లో కమ్యూనిస్టులకు నూటికి ముప్ఫై పైగా ఓట్లు వచ్చినా, 196 స్థానాల్లో దక్కినవి 15 మాత్రమే. సభలో గెలిచినవాళ్ళు ఊళ్ళలో ఓడారు.

1957లో నాగిరెడ్డి అనంతపురం నుంచి లోక్‌సభకు వెళ్ళారు. అక్కడ ఆయన నిజంగా వెనుక బెంచీ సభ్యుడు. దాదాపు అయిదువందల మంది సభలో కాంగ్రెసువారు 371, కమ్యూనిస్టులు 27. ఆ 27 మందికి డాంగే నాయకుడు. ఆ అయిదేళ్ళలో మూడు సంగతులు చెప్పుకోవాలి.

ఒకటి, ముందస్తు నిర్బంధ చట్టం. విచారణ లేకుండా మనిషిని జైల్లో పెట్టే ఈ చట్టం 1950లో తాత్కాలికమని చెప్పి తెచ్చినది. గడువు తీరినప్పుడల్లా పార్లమెంటు పొడిగిస్తూ వచ్చింది. 1957 చివర ఒకసారి, 1960లో మరోసారి పొడిగించినప్పుడు నాగిరెడ్డి ఆ సభలో సభ్యుడు. జైలునుంచే గెలిచిన మనిషి, జైలు చట్టానికి ఎదురు నిలిచిన పక్షంలో కూర్చుని, రెండుసార్లూ ఓడిపోవడం చూశాడు. రెండు, కేరళ. 1957లో ఓట్లతో వచ్చిన నంబూద్రిపాద్ ప్రభుత్వాన్ని 1959 జూలై 31న కేంద్రం రద్దు చేసింది. మూడు, సరిహద్దులు. ఆంధ్ర, మద్రాసు రాష్ట్రాల సరిహద్దు మార్పు చట్టం 1959లో వచ్చింది. పటాస్కర్ సూత్రం ప్రకారం గ్రామాన్ని ఒక యూనిట్‌గా తీసుకుని, ఏ ఊళ్ళో ఏ భాష వారు ఎక్కువో చూసి ఊళ్ళు మార్చుకున్నారు. ఆంధ్ర, మైసూరు నడుమ ఆ సూత్రం అమలు కాలేదు. 1956 పునర్విభజనలో పావగడ, బాగేపల్లి వంటి తెలుగు తాలూకాలు జిల్లాలతోపాటే మైసూరులో వుండిపోయాయి. ఇది ఫిర్యాదుగా చెప్పడం లేదు. కన్నడ నేల మనల్ని పోషించింది. చట్టం ఏ సూత్రాన్ని ఎక్కడ వాడాలో సంఖ్యాబలం తేల్చుతుందని చూపడానికి చెబుతున్నాను. 27 మంది దాన్ని మార్చలేరు.

1962లో ఆయన పుట్లూరు నుంచి రాష్ట్ర శాసనసభకు తిరిగి వచ్చారు. 1967లో అనంతపురం నుంచి మళ్ళీ గెలిచారు. ఈ కాలంలో అసలు ప్రశ్న భూమి. అంతకు ముందే 1961లో ఆంధ్రప్రదేశ్ భూపరిమితి చట్టం తెచ్చింది. ఆ చట్టం ప్రకారం పరిమితి నేల రకాన్ని బట్టి 27 ఎకరాల నుంచి 324 ఎకరాల దాకా. మూడువందల ఎకరాల మెట్ట వుంచుకోవచ్చన్నప్పుడు పరిమితి అన్న మాటకు అర్థమేముంది? తన ఇంటి భూమి సంగతి తెలిసిన మనిషికి ఇందులోని మోసం ఒకరు చెప్పనక్కర్లేదు. మరోపక్క సభలో తనవాళ్ళ బలం తరుగుతూ వచ్చింది. 1962లో ఉమ్మడి పార్టీకి 51 మంది. 1964లో పార్టీ చీలింది. 1967లో రెండు పార్టీలకూ కలిపి 287 మంది సభలో మిగిలింది 20 మంది.

1968లో నాగిరెడ్డి, దేవులపల్లి వెంకటేశ్వరరావు, చండ్ర పుల్లారెడ్డి, కొల్లా వెంకయ్య తదితరులు మార్క్సిస్టు పార్టీతో తెగతెంపులు చేసుకున్నారు. 1969 మార్చిలో నాగిరెడ్డి శాసనసభలో లేచి, ప్రజల మౌలిక సమస్యల్ని ఈ సభ తీర్చలేదని, తాను ప్రజల్లోకి వెళుతున్నానని కారణాలతో సహా చెప్పి రాజీనామా ఇచ్చారు. ఈ పద్ధతిని గమనించాలి. ఆయన రాత్రికి రాత్రి మాయం కాలేదు. ఏ సభ పనికిరాదంటున్నాడో ఆ సభలోనే నిలబడి, తనతో ఏకీభవించని వాళ్ళ ఎదుట, తనకు ఓటు వేసిన వాళ్ళు మరునాడు పత్రికలో చదువుకునేలా చెప్పి వెళ్ళారు. నా దృష్టిలో అది ఆయన వేసిన ఆఖరి ఓటు. పార్టీ విప్పు లేకుండా సొంతంగా వేసిన ఓటు కూడాను.

ఇక ఆ తీర్పు సరైనదా అన్నది. ఆయన వైపు నుంచి చెప్పవలసినదంతా పైన చెప్పాను. 324 ఎకరాల పరిమితి, కేరళ రద్దు, పొడిగిస్తూ పోయిన నిర్బంధ చట్టం, ఇవన్నీ ఆయన సాక్ష్యాలు. కాని అదే ఏడాది చివర ఒక విచిత్రం జరిగింది. 1969 నవంబరులో కాంగ్రెసు చీలింది. ఇందిరాగాంధీ ప్రభుత్వానికి సొంత మెజారిటీ పోయి, కమ్యూనిస్టులూ డి.ఎం.కె. వారూ ఇచ్చే ఓట్ల మీద నిలబడవలసి వచ్చింది. వాళ్ళు ఒప్పుకోరు గనక నిర్బంధ చట్టాన్ని పొడిగించే సాహసం చేయలేకపోయింది. పందొమ్మిదేళ్ళు బతికిన ఆ చట్టం 1969 డిసెంబరు 31తో చచ్చిపోయింది. అదే డిసెంబరులో నాగిరెడ్డిని మద్రాసులో అరెస్టు చేసి కుట్ర కేసు పెట్టారు. ఆయన లోక్‌సభలో ఓడిన ఓటు, ఆయన పనికిరాదన్న ఓటు, ఆయన మళ్ళీ జైలుకు వెళ్ళిన నెలలోనే గెలిచింది.

ఇందులో ఆయన్ను ఎద్దేవా చేయడానికేమీ లేదు. ఎందుకంటే కథ అక్కడితో ఆగలేదు. 1971లో ఇందిరాగాంధీకి పెద్ద మెజారిటీ వచ్చింది. ఆ ఏడే మీసా వచ్చింది. ఎమర్జెన్సీలో ఆ చట్టం ఏం చేసిందో అందరికీ తెలుసు. నాగిరెడ్డి ఆ ఎమర్జెన్సీలోనే అజ్ఞాతంలో వుండి, మారుపేరుతో హైదరాబాదు ఉస్మానియా ఆసుపత్రిలో 1976 జూలై 28న కన్నుమూశారు. ఓటు గెలిచిన దాన్ని మరో ఓటు పోగొట్టింది. నాకు తోచినంతలో చట్టసభ ఓటు గురించి చెప్పగలిగిన నిజం ఇంతే: అది నిలిచే గెలుపు కాదు, అలాగని ఉత్త బూటకమూ కాదు. మైసూరు రాష్ట్రం పేరు కర్ణాటకగా మారిన మరుసటి ఏడే, 1974లో, దేవరాజ అరసు ప్రభుత్వం భూసంస్కరణల చట్టాన్ని సవరించింది. కౌలు భూములు మార్చి 1 నుంచి ప్రభుత్వపరమై, కౌలుదారులు హక్కు కోసం ట్రిబ్యునళ్ళలో అర్జీ పెట్టుకునే వీలు కలిగింది. చట్టసభ భూమిని కదిలించలేదన్న మాటకు ఇది మన పెరట్లోని జవాబు. బయట రైతులు అడగకపోతే సభ కదిలేది కాదన్నదీ నిజమే.

ఇప్పుడు మొదటి ప్రశ్న. వెంకటమ్మనహళ్లి రాత్రికి నాగిరెడ్డి బాధ్యుడా? ఆయన సాయుధ పోరాటాన్ని కాదన్న మనిషి కాదు. ఆ మాట దాచనక్కర్లేదు. కాని ప్రజలు భూమి కోసం తామే కదలాలి, పోరాటం వాళ్ళ వెంట పెరగాలి, కొందరు దళంగా వెళ్ళి వ్యక్తుల్ని చంపితే విప్లవం రాదు అన్నది ఆయన వాదం. ఈ విషయం మీదనే చారు మజుందార్‌తో పొసగలేదు. 1969 ఫిబ్రవరిలో అఖిలభారత సమన్వయ సంఘం ఆంధ్ర సంఘాన్ని వేరు చేసింది. ఏప్రిల్‌లో పుట్టిన సి.పి.ఐ. (ఎం.ఎల్.)లో నాగిరెడ్డి లేరు. మావోయిస్టు పార్టీ 2004 సెప్టెంబరులో పీపుల్స్‌వార్, ఎం.సి.సి. కలిసి ఏర్పడినది. పీపుల్స్‌వార్ స్థాపించిన కొండపల్లి సీతారామయ్య చారు మజుందార్ వైపు నుంచి వచ్చినవారు. వంశవృక్షం గీస్తే బడిమీద దాడి నాగిరెడ్డి కొమ్మన కాయలేదు. ఆ రాత్రి చనిపోయిన పోలీసులు నెల జీతానికి వచ్చి బడి గదుల్లో పడుకున్న వాళ్ళు. నాగిరెడ్డి జీవితమంతా ఎదిరించిన నిర్బంధ చట్టాలకు ఓటు వేసిన వాళ్ళెవరూ వాళ్ళలో లేరు. కాబట్టి మా వైపు ఆ మాటను మెప్పుగా అనేవాళ్ళూ నిందగా అనేవాళ్ళూ ఒకే తప్పు చేస్తున్నారు.

ఆ రాత్రి బెంగుళూరు విధానసౌధలో మార్క్సిస్టు పార్టీకి వున్నది ఒకే ఒక్క సభ్యుడు. ఆయన తెలుగు తాలూకా బాగేపల్లి నుంచి వెళ్ళిన జి.వి. శ్రీరామరెడ్డి. 1994లోనూ 2004లోనూ గెలిచారు. 2022 ఏప్రిల్‌లో పోయారు. 224 మంది సభలో ఒక్కడి ఓటుతో ఏ తీర్మానమూ నెగ్గదు. అలాంటి సభ్యుడు చేయగలిగేది అడగడం. అడిగిన ప్రశ్నకు మంత్రి చెప్పిన జవాబు అచ్చులో మిగులుతుంది. నాగిరెడ్డి వదిలి వెళ్ళిన పని చిన్నది కాదని ఇలాంటివాళ్ళ వల్ల తెలుస్తుంది. వాళ్ళు చేసిన పని చాలలేదన్నది నాగిరెడ్డి వల్ల తెలుస్తుంది.

మా తాలూకాలో అడగవలసినవి ఇప్పటికీ వున్నాయి. ఫ్లోరైడు నీళ్ళు పాతవి. కొత్తది సౌరవిద్యుత్తు. తిరుమణి చుట్టుపక్కల అయిదు ఊళ్ళలో సుమారు 13,000 ఎకరాల మెట్ట కౌలుకిచ్చారు. 2,050 మెగావాట్ల పార్కు 2019 చివరకు పూర్తయింది. ఎకరానికి ఏడాదికి 21,000 రూపాయలతో కౌలు మొదలయింది. కరువులో మునిగిన రైతుకు అది కలిసివచ్చిన అదృష్టమే. కాని ఆ చేలల్లో కలుపు తీసి, కాయ వలిచి బతికిన భూమిలేని కూలీకి కౌలు ఎవరిస్తారు? అద్దాల కింద గొర్రెలు మేపుకునే హక్కు ఎవరిది? నాగిరెడ్డి జైల్లో కోర్టుకు రాసుకున్న వాంగ్మూలం ఆయన పోయాక 1978లో "తాకట్టులో భారతదేశం"గా అచ్చయింది. భూమి ఎవరి చేతిలో వున్నది, దాని మీద వచ్చేది ఎవరి చేతికి పోతున్నది అనే ప్రశ్నే ఆ పుస్తకానికి మూలం. ఆ పేరు పావగడలో గుర్తుకు రావడం సహజం.

చట్టసభల చర్చల సంపుటాలు బెంగుళూరులోనూ హైదరాబాదులోనూ గ్రంథాలయాల్లో వున్నాయి. మన తెలుగు తాలూకాల నుంచి, పొరుగున అనంతపురం నుంచి వెళ్ళిన వెనుక బెంచీ సభ్యులు ఏం అడిగారో, ఎటు ఓటు వేశారో ఏరి మన పత్రికల్లో అచ్చు వేసుకోవడం ఓపికగల పడుచు పాఠకులు ఇద్దరు ముగ్గురు పూనుకుంటే అయ్యే పని. కన్నడం, తెలుగు రెండూ చదవగలిగిన మనకంటే దానికి తగినవాళ్ళు లేరు. ఆ పని జరిగితే వెంకటమ్మనహళ్లి పిల్లలకు తమ ఊరి చరిత్ర ఒక తుపాకుల రాత్రిగా మాత్రమే అందకుండా వుంటుంది.